దేశోద్ధారక కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ఉపన్యాసము)



గ్రంథాలయమునకు రజతోత్సవము జరుగు శుభసమయమున గ్రంథదాతలను స్మరించుట ఉచితము. తెలుగువారి చేతికి పత్రికయు పుస్తకమును అందవలెనని తమ ఆర్జనను ధారవోసినవారిలో కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అగ్రగణ్యులు. ప్రజలు వారిని దేశోద్ధారకులనిరి; విశ్వదాత యనిరి. బిరుదములను వల్లించుట సులభము. ఆ బిరుదములకు ఆధారమైన నిత్యకృత్యమును తెలిసికొనుట మేలు.

పంతులుగారు 1867వ సంవత్సరము మే 1వ తేదీన కృష్ణాజిల్లా ఎలకుర్రు గ్రామమున బుచ్చయ్య, శ్యామలాంబ దంపతులకు జన్మించిరి. బందరులో చదివి, మదరాసు క్రైస్తవ కళాశాలలో 1891లో పట్టభద్రులైరి. పిమ్మట కలకత్తాలోను బొంబాయిలోను పనిచేసి వ్యాపారపు మెలకువలు గ్రహించిరి. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. తలనొప్పికి పూసికొను ఆ పసుపుపచ్చని లేపనము నెరుగని తెలుగు ఇల్లు అరుదు. తొలినాళ్లలో దానిని సంగీతసభలలో ఉచితముగా పంచిపెట్టిరని చెప్పుకొందురు. వాడి మేలుపొందినవాని నోటిమాటకు మించిన ప్రకటన లేదని వారు ఎరుగుదురు.

ఇంతవరకు ఇది ఒక సమర్థుడైన వర్తకుని కథ. ధనము చేరిన పిమ్మట వారు చేసిన పనియే మన స్మరణకు కారణము. 1907లో సూరతు కాంగ్రెసుకు వెళ్లివచ్చిన పిదప, తెలుగువారికి ఒక మంచి పత్రిక ఉండవలెనను సంకల్పము వారికి బలపడెను. 1908లో బొంబాయి నుండియే ఆంధ్రపత్రిక వారపత్రికగా వెలువడెను. 1914లో అది మదరాసునకు వచ్చి దినపత్రిక యయ్యెను. అదే ఏట బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘము ఏర్పడెను. ఈ రెండును ఒకే సంవత్సరమున కలిసివచ్చుట పల్లెలకు భాగ్యము. ఒక చోట పత్రిక అచ్చగుచుండెను. వేరొక చోట దానిని చదువుటకు చావడి సిద్ధమగుచుండెను. అక్షరము వచ్చినవాడొకడు బిగ్గరగా చదువగా, రానివారు పదుగురు చుట్టు కూర్చుండి వినెడివారు. దేశవార్త పల్లె గడపను చేరినది ఆ విధముననే.

1924లో భారతి మాసపత్రిక వెలసెను. కవులకు, పరిశోధకులకు, విమర్శకులకు అది వేదిక యయ్యెను. 1926లో ఆంధ్ర గ్రంథమాల ప్రారంభమయ్యెను. పాల్కురికి సోమనాథుని బసవపురాణము వేటూరి ప్రభాకరశాస్త్రిగారి పీఠికతో ఆ మాలయందే వెలువడినది. కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు 1923లో మరణించుటచే ఆగిపోయిన ఆంధ్ర విజ్ఞానసర్వస్వమును పంతులుగారు మరల చేపట్టిరి. ఒకరు నాటి విడిచిన మొక్కకు నీరు పోయుట, తన పేర కొత్త మొక్కను నాటుటకంటె కష్టము. దానికి నిరహంకారము కావలెను.

ధనమిచ్చి తాము తప్పుకొన్నవారు కారు. ఆంధ్రరాష్ట్ర కాంగ్రెసు సంఘమునకు అధ్యక్షులుగా శ్రమించిరి. అరువదేండ్లు దాటిన వయస్సున ఉప్పు సత్యాగ్రహోద్యమమున పాల్గొని కారాగారవాసము ననుభవించిరి. 1935లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు వారిని కళాప్రపూర్ణ బిరుదముతో గౌరవించెను.

మదరాసులోని వారి గృహము పేరు శ్రీబాగు. అది కుటుంబమునకు నివాసము; ఆంధ్రులకు సభామందిరము. 1937 నవంబరు 16వ తేదీన సర్కారు జిల్లాల నాయకులును రాయలసీమ నాయకులును ఆ యింటనే సమావేశమై ఒడంబడిక చేసికొనిరి. ఉభయ ప్రాంతముల అన్నదమ్ముల అనుమానములు తీరుటకు ఒక గృహస్థుని ఇల్లు తావిచ్చెను. 1953లో ఆంధ్రరాష్ట్రము ఏర్పడినపుడు రాజధాని కర్నూలునకును, హైకోర్టు గుంటూరునకును దక్కుటకు మూలము ఆ ఒడంబడికయే. తన యింటివారిని ప్రేమించువాడు లోకమున దుర్లభుడు కాడు. తన యింటి తలుపును లోకమునకు తెరచి, లోకపు పనిని తన యింటివారికి అప్పగింపగలిగినవాడే దుర్లభుడు. 1938 ఏప్రిల్ 11వ తేదీన పంతులుగారు కీర్తిశేషులైన పిమ్మట, అల్లుడు శివలెంక శంభుప్రసాద్‌గారు పత్రికల భారమును వహించిరి. సాధారణముగా ఆస్తి వారసత్వముగా వచ్చును. ఆ యింట బాధ్యతయు వారసత్వముగా వచ్చినది.

ఆంధ్రపత్రికయు భారతియు 1991లో నిలిచిపోయినవి. అమృతాంజనము నేటికిని అంగళ్లలో దొరకుచున్నది. లేపనము నిలిచి, పత్రిక ఆగిపోయినదే యని చింతింపవచ్చును. కాని ఆ పత్రికలలో తొలిసారి అచ్చయిన రచనలు గ్రంథములై నేటికిని చదువబడుచున్నవి. ఇచ్చిన చేయి మరుగైనను ఇచ్చిన వస్తువు పనిచేయుచునే యున్నది.

ఈ జీవితమునుండి గ్రంథాలయము గ్రహింపదగిన దొక్కటి కలదు. పంతులుగారి గొప్పతనము ధనరాశిలో లేదు, క్రమములో నున్నది. ఒకనాడు వేయిమందికి విందుచేసి మరుసటినాడు మరచు దాతలు కలరు. వారు ఉదయముదయమున పత్రికను, నెలనెల భారతిని, వీలువెంబడి గ్రంథములను ఇచ్చుచు పోయిరి. వ్యాపారపు లాభము వాన వంటిది. దానిని చెరువుగా నిలిపి కాలువలుగా పారించుటయే వారి నేర్పు. గ్రంథాలయము బ్రతుకునదియు ఈ క్రమము వలననే. సాయంకాలము వేళకు తలుపు తీయువాడును, చందా గడువు తప్పక చెల్లించువాడును, తీసికొనిన పుస్తకమును చెరుపక తిరిగి తెచ్చువాడును, తన అంగడి లాభములో ఏటేట ఒక పుస్తకపు వెల తీసిపెట్టువాడును దాతలే. మరియొక నాగేశ్వరరావుగారు పుట్టువరకు ఏ గ్రామమును వేచియుండ నక్కరలేదు. వారి గుణమును పదిమంది పంచుకొన్నచో చాలును. బీరువాలోని పుస్తకము పాఠకుని చేతికి వచ్చిననాడే దాత ఋణము కొంత తీరును. గ్రామస్థులందరును ఆ ఋణమును తీర్చుటకు పూనుకొందురుగాక!