ఎవరి కుడి? శరీర దిశల పరిభాష

శరీర నిర్మాణ శాస్త్రం బోధించిన వారి స్మృతిలో మాట్లాడేటప్పుడు గుండెనో మెదడునో ఎంచుకుంటే సభ రక్తికడుతుంది. నేను ఎంచుకున్నది మొదటి ఏడాది మొదటి వారంలోనే చెప్పేసి, ఆ పైన ఎవరూ తిరిగి చూడని అధ్యాయం. యాంటీరియర్, పోస్టీరియర్, మీడియల్, లాటరల్, ప్రాక్సిమల్, డిస్టల్, ఫ్లెక్షన్, అబ్డక్షన్ వగైరా. విద్యార్థులు వీటిని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కుతారు. లాటిన్ మీద మోజుతోనే ఇవి ఇంకా నిలిచి ఉన్నాయనుకునే పెద్దలూ ఉన్నారు. నా వాదన వేరు. ఈ పదజాలం సాధించిన ఘనకార్యం భాషకు సంబంధించినది కాదు. ఒక శరీరాన్ని వర్ణించేటప్పుడు వర్ణించేవాణ్ణి అందులోంచి తప్పించింది, అదీ దాని గొప్ప.

మామూలు మాటల్లో దిక్కు ఎప్పుడూ మరొకదాని మీద ఆధారపడి ఉంటుంది. పైన, కింద అన్నవి నేలను బట్టి మారతాయి. కుడి, ఎడమ చూసేవారిని బట్టి మారతాయి. రోగి వెల్లకిలా పడుకుంటే ఛాతీ పైకి వస్తుంది, వెన్ను ఆపరేషన్ కోసం బోర్లా పడుకోబెడితే అదే ఛాతీ కిందికి పోతుంది. అందుకే శాస్త్రం ఒక భంగిమను ఖాయం చేసుకుంది: మనిషి నిటారుగా నిలబడి, ఎదురుగా చూస్తూ, చేతులు పక్కలకు వదిలి, అరచేతులు ముందుకు తిప్పి, పాదాలు ముందుకు చాచి ఉంటాడు. ఆ తర్వాత అసలు మనిషి మంచం మీద ఉన్నా, తల్లి కడుపులో తలకిందులుగా ఉన్నా, తలవైపుది సుపీరియర్, పాదాలవైపుది ఇన్‌ఫీరియర్. కుడి అంటే రోగి కుడే. సీటీ స్కాన్‌లో అడ్డుకోత చిత్రాన్ని రోగి పాదాల దగ్గర నిలబడి తలవైపు చూస్తున్నట్టు చూపడం ఆనవాయితీ. కాబట్టి కాలేయం తెర మీద మన ఎడమచేతి వైపు కనిపిస్తుంది, రిపోర్టులో మాత్రం కుడి అనే ఉంటుంది. లోపలి అవయవాలన్నీ అద్దంలో చూసినట్టు తారుమారుగా పుట్టినవారు అరుదుగా ఉంటారు. అలాంటివారి ఎక్స్‌రే ఫిల్ము మూల ఉండే చిన్న గుర్తు చెరిగిపోతే, ఫిల్మును తిరగేసి పట్టుకున్నామో, గుండే కుడివైపు ఉందో ఆ ఒక్క ఫిల్ముతో తేల్చడం కష్టం.

ఈ ఒప్పందం ఒక్కరోజులో కుదరలేదు. 1803లో ఎడింబరోలో జాన్ బార్‌క్లే దిశలకే ప్రత్యేకంగా ఒక కొత్త పరిభాషను ప్రతిపాదిస్తూ పుస్తకం రాశాడు; ఆయన పదాలు చాలావరకు మరుగున పడ్డా, మొండేనికి దగ్గర, దూరం అని చెప్పే ప్రాక్సిమల్, డిస్టల్ మాత్రం బతికాయి. ఒకే అవయవానికి ఊరికో పేరు ఉండడంతో పందొమ్మిదో శతాబ్దం చివరికి వాడుకలో ఉన్న పేర్లు సుమారు 50 వేలకు చేరాయి. 1895లో బాసెల్‌లో వాటిని వడపోసి ఐదున్నర వేలకు తెచ్చారు. 1955లో పారిస్ జాబితా, 1998లో వచ్చిన అంతర్జాతీయ జాబితా దాని వారసులే.

ఇక అభ్యంతరాలకు వద్దాం. మొదటిది, ఆ భంగిమ కృత్రిమం అన్నది. నిజమే, ఎవరూ అరచేతులు ముందుకు తిప్పి నిలబడరు. మామూలుగా నిలబడితే అరచేతులు తొడలవైపు చూస్తాయి. కానీ అలా తిప్పడానికి కారణం ఉంది. మోచేతిని పక్కకు ఆనించి, మోచేయి వంచి, అరచేతిని పైకి పెట్టండి. ఇప్పుడు ముంజేతిలోని రెండు ఎముకలు, రేడియస్, అల్నా, పక్కపక్కన సమాంతరంగా ఉంటాయి. మోచేయి కదలకుండా అరచేతిని కిందికి తిప్పండి. బొటనవేలి వైపున్న రేడియస్ అల్నా మీదుగా దాటి, మణికట్టు దగ్గర అవతలి వైపుకు చేరుతుంది. ఎముకలు అలా పెనవేసుకున్న స్థితిని ప్రమాణంగా పెట్టుకుంటే, మోచేతి దగ్గర బయటివైపు ఉన్న ఎముక మణికట్టు దగ్గర లోపలివైపు ఉందని రాయాల్సి వస్తుంది. సహజంగా నిలబడే తీరు సాక్ష్యానికి పనికిరాదు కాబట్టే సాక్ష్యానికి పనికొచ్చే తీరును ఎంచుకున్నారు.

రెండో అభ్యంతరం కాస్త పదునైనది. ఈ పదాలు తమ నిబంధనలకే కట్టుబడవు అంటారు. మోచేయి ముందుకు ముడుచుకుంటే ఫ్లెక్షన్, మోకాలు వెనక్కి ముడుచుకున్నా ఫ్లెక్షనే, ఇదేం పద్ధతి? జవాబు పిండదశలో ఉంది. నాలుగో వారం చివర మొలకల్లా వచ్చిన చేతులు, కాళ్ళు ఆ తర్వాతి వారాల్లో తిరుగుతాయి: చేయి బయటికి, కాలు లోపలికి, దాదాపు 90 డిగ్రీలు. మోచేయి వెనక్కి, మోకాలు ముందుకు చూడడం ఆ తిరుగుడు వల్లే. చేతిని చాపే కండరాలు జబ్బ వెనక ఉంటే, కాలిని చాపేవి తొడ ముందున్నాయి. చేతికి బొటనవేలు బయటివైపు, కాలికి లోపలివైపు ఉండడానికీ అదే కారణం. కాబట్టి పైకి అస్తవ్యస్తంగా కనిపించేది నిజానికి వరసే. చీలమండ దగ్గర మాత్రం విమర్శకుల మాటలో పస ఉంది. పాదాన్ని పైకెత్తడం చూడ్డానికి ముడవడంలా ఉంటుంది, అది చేసే కండరాలేమో చాపే జట్టువి. దాంతో ఉత్త ఫ్లెక్షన్ అనకుండా, పైకెత్తడానికి డార్సీఫ్లెక్షన్, కిందికి వంచడానికి ప్లాంటార్ ఫ్లెక్షన్ అని విశేషణం తగిలించారు. అందం చెడినా అయోమయం తప్పింది. నా మటుకు నాకు ఈ రాజీ సమ్మతమే.

బొటనవేలిది మరో లెక్క. మిగతా నాలుగు వేళ్ళతో పోలిస్తే అది దాదాపు లంబంగా తిరిగి ఉంటుంది. అరచేతిని ఆకాశంవైపు పెట్టి చేతి వెనకభాగాన్ని బల్లకు ఆనించి చూడండి. బొటనవేలిని నిటారుగా పైకి లేపితే అబ్డక్షన్. దాన్ని అక్కడ బలంగా చేసేది మీడియన్ నరం ఆధీనంలోని కండరం. బల్ల వెంట పక్కకు చాపితే ఎక్స్‌టెన్షన్. అది రేడియల్ నరం పని. చూపుడువేలి పక్కకు దగ్గరగా లాక్కుంటే అడక్షన్, అల్నార్ నరం పని. మూడు కదలికలు, మూడు నరాలు. బొటనవేలు బయటికి రావడం లేదు అని రాస్తే, మొదటిదో రెండోదో తెలియక దెబ్బతిన్న నరం ఏదో చదివినవారు ఊహించుకోవాలి. ఇది తరగతి గదికే పరిమితమైన విషయం కాదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో ఇరవయ్యో శతాబ్దం తొలినాళ్ళ నుంచి కుష్ఠు ఆసుపత్రి నడిచిన నేల మనది. కుష్ఠు కార్యక్రమంలో సిబ్బంది నేటికీ చేసే పరీక్ష ఇదే. చిటికెన వేలిని పక్కకు, బొటనవేలిని పైకి, మణికట్టును వెనక్కి, పాదాన్ని పైకి కదపమని, ఆ కదలికకు ఎదురు ఒత్తిడి పెట్టి, బలంగా ఉందా, బలహీనపడిందా, చచ్చుబడిందా అని కార్డులో రాస్తారు. నరం దెబ్బతిని ఆరు నెలలు దాటకముందే పసిగడితే ప్రెడ్నిసొలోన్‌తో కోలుకునే అవకాశం మెరుగు. ఈ నెల ఒకరు, వచ్చే నెల మరొకరు చూసే కార్డులో ఇద్దరూ బొటనవేలిని ఒకే దిక్కుకు కదిపించి ఉండకపోతే, ఆ రెండు నమోదుల మధ్య తేడాకు అర్థమే లేదు.

పశువైద్యులు అడిగే ప్రశ్న కూడా ఉంది. నాలుగు కాళ్ళ జంతువులో ముందువైపు అంటే తల, మనిషిలో అయితే పొట్ట. అలాంటప్పుడు ఇది విశ్వజనీనం ఎలా అవుతుంది? కాదు, అవుతానని ఆ పదజాలం చెప్పుకోనూ లేదు. అందుకే వారు తలవైపు, తోకవైపు అనే అర్థమిచ్చే క్రేనియల్, కాడల్ పదాలను ప్రధానంగా వాడుకున్నారు. వారూ దిక్కును జంతువు శరీరం నుంచే తీసుకున్నారు తప్ప చూసేవారి నుంచి కాదు. ఇక రోగికి ఈ పదాలు అర్థం కావన్న ఫిర్యాదు న్యాయమైనదే. రోగితో ఈ భాష మాట్లాడనక్కర్లేదు. ఆపరేషన్‌కు ముందు, రోగి మెలకువగా ఉండగానే, కోయాల్సిన చోట పెన్నుతో గుర్తు పెట్టడం ఇప్పుడు ప్రపంచమంతా పాటించే జాగ్రత్త. అక్కడ రోగి వేలు పెట్టి చూపితే చాలు. కానీ ఆ గుర్తు కేసు షీట్లో చెప్పిన వైపే ఉందో లేదో సరిచూడాలంటే షీట్ రాసినవారు, చదివినవారు ఒకే శరీరాన్ని తలచుకుని ఉండాలి. గుర్తు పరిభాషకు తోడే తప్ప బదులు కాదు.

నర్సింగ్, ఫిజియోథెరపీ, పారామెడికల్ కోర్సులు చెప్పే అధ్యాపకులకు ఒక విన్నపం. ఫలానా పదాన్ని నిర్వచించుము అనే రెండు మార్కుల ప్రశ్నను పక్కన పెట్టండి. దాని బదులు ఒక విద్యార్థి చేతి కదలికను మరొకరు చూసి రాయాలి, ఆ రాత చదివి మూడోవారు, మొదటి ఇద్దరినీ చూడకుండా, అదే కదలిక చేసి చూపాలి. చేసి చూపగలిగితేనే మార్కులు వేయండి.