అడిగి చేయు మేలు
(తెలుగు సాంస్కృతిక సంఘ సభలోని ఉపన్యాసపాఠము)



ప్రజలకు మేలు చేయ పూనుకొన్న సంస్థలు దేశమున పెక్కు కలవు. ఆ మేలు పొందవలసినవారిని ముందుగా అడిగి, వారి మాటనుబట్టి తమ ప్రణాళికను మార్చుకొన్న సంస్థలు మాత్రము కొలదిగనే కలవు. ప్రభుత్వోద్యోగములలోనున్న ఈ సభ్యులకు ఈ భేదము కొత్త కాదు. ఒక పథకము కాగితముపై చక్కగా నుండును, లెక్కలు సరిపోవును, నిధులు సకాలమున విడుదలయగును. అయినను ఊరిలో దాని ఫలము కానరాకపోవచ్చును. దీనికి కారణమేమి? జహీరాబాదు ప్రాంతపు దళిత స్త్రీలు తమ చేతలతో ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానము ఆలోచింపదగినది.

జహీరాబాదు పూర్వము మెదకు జిల్లాలోనిది. 2016లో సంగారెడ్డి జిల్లాలో చేరినది. అక్కడి మెట్టచేలు వానను నమ్ముకొన్నవి. జొన్న, సజ్జ, కొఱ్ఱ, సామ, కంది, పెసర, అనుము ఆ నేలకు అలవాటైన పంటలు. 1983లో దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అను స్వచ్ఛంద సంస్థ ఈ ప్రాంతమున పనిచేయుటకై ఏర్పడినది. పి. వి. సతీష్ దాని స్థాపకులలో ముఖ్యులు; ఆయన 2023లో దివంగతులైరి. ఆ సంస్థ పనిచేసిన గ్రామములు సుమారు 75. ప్రతి గ్రామమునను స్త్రీల సంఘము ఏర్పడెను. సభ్యురాండ్రలో అధికసంఖ్యాకులు దళితులు. కొద్దిపాటి చెలక గలవారు, కూలికి పోవువారు. పగలెల్ల పనియే గనుక వారి సమావేశములు రాత్రివేళ జరుగుచుండెను. ఎవరి మాట వినవలెనో వారికి వీలైన వేళకు, వారున్న చోటికి సంస్థయే పోవలెననుట ఇందలి మొదటి పాఠము.

అదే 1983లో రాష్ట్రప్రభుత్వము కిలో రెండు రూపాయల బియ్యము పథకమును ప్రారంభించినది. పేదవాని కడుపు నింపవలెనన్న ఆ సంకల్పము గొప్పది. దానివలన ఎన్నో కుటుంబములకు మేలు కలిగినది. కాని మెట్టసీమలో మఱియొక పరిణామమును జరిగెను. చవుకబియ్యము ఇంటికి వచ్చుటతో జొన్నకు గిరాకి తగ్గెను. కొన్ని చేలు బీడు పడెను. పంట పోయినచోట పశువులకు చొప్ప పోవును, కలుపుతీత కూలి పోవును, తుదకు విత్తనమును పోవును. ప్రభుత్వము పేదలకు పంచియిచ్చిన నేలలలో పెక్కు పెట్టుబడి లేక పడియుండెను.

ఆహారపుచిక్కు ఈ విధమైనదని సంఘముల స్త్రీలు చెప్పిరి. వారి వాదము సులభమైనది: బయటినుండి గింజ తెచ్చి పంచుటకు అగు ఖర్చులో కొంత తమ బీళ్లను దున్నుటకు అప్పుగా ఇచ్చినచో, తినదగిన గింజ ఊరిలోనే పండును, పని ఊరిలోనే దొరకును. 1990ల నడుమ కేంద్ర గ్రామీణాభివృద్ధి మంత్రిత్వశాఖ సహాయముతో ఈ ఆలోచన కార్యరూపము దాల్చెను. దుక్కికి, ఎరువుకు, విత్తనమునకు రైతులకు అప్పు దొరకెను. దానిని రొక్కముగా గాక జొన్నలుగా తీర్చవలెను. ఆ జొన్నలను ఊరిలోనే నిలువచేసి, కొఱతకాలమున పేదలకు తక్కువ ధరకు ఇచ్చిరి. సంఘముల స్త్రీలే ఈ పనిని నడపిరి.

పేదలెవరను ప్రశ్న అప్పుడు వచ్చెను. కార్యాలయపు పట్టికలో పేదరికము ఒక అంకె. ఇక్కడ మాత్రము ఊరివారు కూడి నేలపై ముగ్గుతోను రంగుపొడులతోను ఊరిపటము గీసి, ప్రతి యింటిని గుర్తించి, వారి స్థితినిబట్టి తరగతులు ఏర్పరచిరి. మిక్కిలి పేదయింటికి ఎక్కువ గింజ, అంతకు మెరుగైన యింటికి తక్కువ. సంపాదించు మనిషి లేని యిల్లు ఏది, పిల్లను బడి మాన్పించి కూలికి పంపుచున్న యిల్లు ఏది అని ఇరుగుపొరుగువారికి తెలిసినట్లు పట్టికకు తెలియదు. పదిమంది యెదుట వ్రాసిన పేరును రహస్యముగా మార్చుట కష్టము. విడిచిన పేరును అక్కడనే అడుగవచ్చును.

ఊరనగా ఒకే గొంతు కాదు. భూమి ఎక్కువగా గలవానికి పంటకు మంచి ధర కావలెను. కూలివానికి గింజ చవుకగా దొరకవలెను. గింజ దిగుబడినే చూచువాడు పొట్టిరకపు జొన్నను మెచ్చుకొనును. ఎడ్లు గల యింటి ఇల్లాలు చొప్ప నిడివిని, రొట్టె రుచిని, పురుగుపట్టక నిలుచు గుణమును గూడ చూచును. బూడిద, వేపాకు కలిపి బుట్టలలో విత్తనము దాచుట తెలిసినది ఆమెకే. అందుచేతనే విత్తనములను కాపాడి, ఎరువిచ్చి, తిరిగి గింజగా పుచ్చుకొను బాధ్యత స్త్రీలకు సంక్రమించెను. గొంతులన్నియు వినినగాని న్యాయమైన నిర్ణయము తేలదు. పెద్దగొంతును ఊరిగొంతని వ్రాసికొనుట ఎల్లప్పుడును సులభమే.

మాట ఊరు దాటవలెనన్న సాధనము కావలెను. ఆకాశవాణి తరంగములు ప్రజల ఆస్తియని 1995లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పెను. 2006లో కేంద్రప్రభుత్వము స్వచ్ఛంద సంస్థలకును సమాజ రేడియో అనుమతి లభించునట్లు నియమములు సవరించెను. 2008లో మాచనూరు గ్రామమున సంఘం రేడియో ప్రసారములు మొదలయ్యెను. దానిని నడపుటకు పూనుకొన్నవారు నరసమ్మ అను పేరే గల ఇద్దరు దళిత యువతులు. అక్కడి తెలుగు పుస్తకపు తెలుగు కాదు, చేనిగట్టు తెలుగు. వినువారు తమ పలుకును తామే గుర్తించిరి.

ఈ ప్రయత్నమునకు పరిమితులు లేకపోలేదు. గ్రామములలోని ఆ గింజనిధి పద్ధతి రాష్ట్రమంతటికి వ్యాపింపలేదు. చవుకదుకాణమున ప్రధానధాన్యము బియ్యముగనే నిలిచెను. అయినను 2013నాటి జాతీయ ఆహారభద్రతా చట్టమున బియ్యము, గోధుమలతో పాటు ముతకధాన్యములకును చోటు దొరకెను. ఆ కోర్కెను దేశమున వినిపించినవారిలో ఈ సంఘములవారును కలరు. 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమపు ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించెను. 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యముల సంవత్సరముగా పాటించెను. పేదల తిండి యని ఒకప్పుడు చులకనైన గింజకు విందుబల్లపై గౌరవము కలిగెను. ఆ గౌరవములో పండించిన స్త్రీకి రావలసిన పాలు ఎంత అను ప్రశ్న మాత్రము ఇంకను తీరలేదు.

సోదరసోదరీమణులారా! సలహా అడుగుట వేరు, సలహాకు లోబడుట వేరు. నిర్ణయము ముగిసిన పిమ్మట అడుగునది సంతకము కొఱకే. దస్త్రము నడపువారికి శాసనము మార్చు అధికారము లేకపోవచ్చును. కాని ఒక అర్జీని త్రోసివేయుటకు ముందు అర్జీదారును ఒకసారి పిలిపించుట, సమావేశపు వేళను కూలివారికి వీలుగా నిర్ణయించుట, లబ్ధిదారుల పట్టికను ఊరియెదుట చదివించుట ఎందఱికో చేతనైన పనులే. అన్నము వడ్డించు ఇల్లాలు ఎంత కావలెనని అడిగి వడ్డించును. ఆ మర్యాద ప్రభుత్వపు వడ్డనకును రావలెను.