ప్రవేశం సరే, అధికారం ఎవరిది? - జపాన్ సంగీత విద్యలో స్త్రీలు

(మహిళా సంఘాల కార్యకర్తల అధ్యయన తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



ఆడపిల్లల చదువు గురించి మాట్లాడేటప్పుడు మనం సాధారణంగా లెక్కలతో మొదలుపెడతాం. ఎంతమంది బడిలో చేరారు, ఎంతమంది కాలేజీదాకా వచ్చారు, ఎంతమంది మధ్యలో మానేశారు. ఈ లెక్కలు అవసరమే. వాటిని బయటపెట్టించడానికి మనం చాలా కొట్లాడాం కూడా. అయితే ఒక చదువులో ఆడవాళ్ళే ఎక్కువమంది ఉంటే ఏమవుతుంది? అక్కడ సమానత్వం వచ్చేసినట్టేనా? ఈ ప్రశ్నని పరిశీలించడానికి జపాన్ సంగీత విద్యాలయాల చరిత్ర బాగా పనికొస్తుంది. అందుకే ఈరోజు దాని గురించి మాట్లాడదలచుకున్నాను.

జపాన్ ఎక్కడ, మనమెక్కడ, మధ్యలో ఈ సంగీతం ఏమిటి అని మీలో కొందరికి అనిపించవచ్చు. నేను సంగీతం నేర్చుకున్నదాన్ని కాదు, సామాజిక శాస్త్రం చదువుకున్నదాన్ని. చదువు, పని, పరువు ఈ మూడూ స్త్రీల జీవితాల్లో ఎలా ముడిపడతాయన్నది నా ఆసక్తి. ఆ ముడి ఇక్కడ చాలా స్పష్టంగా కనిపిస్తుంది.

తలుపు ఎందుకు తెరుచుకుంది?

1871లో జపాన్ ప్రభుత్వం ఐదుగురు ఆడపిల్లల్ని చదువుకోసం అమెరికా పంపింది. వాళ్ళలో ఇద్దరు త్వరగానే తిరిగొచ్చేశారు. మిగిలిన ముగ్గురూ పదేళ్ళు అక్కడే ఉండి చదువుకున్నారు. (జపాన్‌లో ఇంటిపేరు ముందు వస్తుంది, నేనూ అలాగే చెబుతాను.) వాళ్ళలో నగాయ్ షిగెకో వాసర్ కాలేజీలో సంగీతం చదివి 1881లో తిరిగి వచ్చింది. మరుసటి సంవత్సరం త్సుదా ఉమెకో, యమకావా సుతెమత్సు వచ్చారు. ప్రభుత్వమే ఖర్చుపెట్టి చదివించిన ఈ ఇద్దరికీ ఇవ్వడానికి ప్రభుత్వం దగ్గర ఉద్యోగం లేదు. షిగెకోకి మాత్రం 1882లోనే పియానో నేర్పే ప్రభుత్వోద్యోగం దొరికింది. ఆ తర్వాత పెళ్ళయి, పిల్లల్ని కని పెంచుతూ కూడా ఆమె చాలా ఏళ్ళు పాఠాలు చెప్పింది.

ఈ తేడా ఎందుకు వచ్చింది? 1872లో వచ్చిన విద్యా చట్టం పాఠశాల విషయాల్లో పాటలు పాడటాన్ని కూడా చేర్చింది. కానీ నేర్పేవాళ్ళు లేరు కాబట్టి ప్రస్తుతానికి దాన్ని పక్కన పెట్టమంది. నేర్పేవాళ్ళని తయారుచేయడం కోసం విద్యాశాఖ 1879లో ఒక సంగీత పరిశోధక విభాగం ఏర్పరిచింది. దాని బాధ్యత ఇసావా షూజిది. 1880లో బోస్టన్ నుంచి లూథర్ వైటింగ్ మేసన్ అనే ఉపాధ్యాయుణ్ణి రప్పించారు. 1885లో ఇక్కడ పూర్తి చదువు ముగించిన మొదటి ముగ్గురూ స్త్రీలే. ఈ విభాగమే 1887లో టోక్యో సంగీత పాఠశాల అయింది.

ఇక్కడ ఒక్క విషయం గమనించండి. అదే ఉయెనో ప్రాంతంలో, ఈ పాఠశాల పక్కనే, చిత్రలేఖనం, శిల్పం నేర్పే ప్రభుత్వ లలితకళల పాఠశాల ఉండేది. అందులో రెండో ప్రపంచ యుద్ధం ముగిసేదాకా ఆడపిల్లల్ని చేర్చుకోలేదు. టోక్యో ఇంపీరియల్ విశ్వవిద్యాలయమూ అంతే. సంగీత పాఠశాల మాత్రం మొదటినుంచీ ఇద్దరికీ ప్రవేశం ఇచ్చింది. అంటే సంగీతం పెద్దలకి స్త్రీల సమానత్వం మీద నమ్మకం ఎక్కువని కాదు. చిన్నపిల్లలకి పాటలు నేర్పడం ఆడవాళ్ళ పనే అనుకున్నారు. వాయిద్యం వాయించడం మంచి కుటుంబంలోని అమ్మాయికి ఒక అలంకారం అనుకున్నారు. మనకీ ఇది కొత్త కాదు. పెళ్ళిచూపుల్లో "అమ్మాయి ఏదైనా పాడుతుందా?" అని అడిగించుకున్నవాళ్ళు ఈ గదిలోనే ఎంతోమంది ఉంటారు. తలుపు తెరిచింది రాజ్యం అవసరం, ఇంటి పరువు. హక్కు అనే మాట ఆ సంభాషణలో లేనేలేదు.

ఒక ఆచార్యురాలి కథ

ఆ మొదటి ముగ్గురిలో కోదా నోబు ఒకరు. 1870లో పుట్టింది. ప్రసిద్ధ నవలా రచయిత కోదా రోహన్‌కి చెల్లెలు. 1889లో విద్యాశాఖ ఆమెని సంగీతం చదవడానికి విదేశాలకు పంపింది. సంగీతం కోసం విద్యాశాఖ పంపిన మొదటి స్త్రీ అని కాదు నేను చెబుతున్నది, మొదటి వ్యక్తే ఆమె. బోస్టన్‌లో ఒక సంవత్సరం, ఆ తర్వాత వియన్నాలో అయిదేళ్ళు చదివి 1895లో తిరిగొచ్చింది. వయొలిన్, పియానో, స్వరరచన మూడూ నేర్చుకుంది. ఆ 1895లోనే వయొలిన్ కోసం ఒక సొనాటా రాసింది, 1897లో మరొకటి రాసింది. పాశ్చాత్య పద్ధతిలో జపనీయులు చేసిన వాద్య రచనల్లో ఇవే మొట్టమొదటివి.

అయితే చాలాకాలం పాటు చరిత్ర పుస్తకాలు ఆ మొదటి స్థానాన్ని తాకీ రెన్తారోకి ఇచ్చాయి. ఆయన 1900లో రాసిన ఒక చిన్న పియానో రచనని గొప్పగా చెప్పుకున్నాయి. రెన్తారో ప్రతిభావంతుడే, ఇరవై మూడేళ్ళకే చనిపోయాడు కూడా. కానీ ఆయన నోబు దగ్గర చదువుకున్న విద్యార్థి. విద్యార్థి పేరు పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. గురువు "మంచి టీచరు"గా మిగిలిపోయింది. ఆమె సొనాటాలు దశాబ్దాలపాటు ఎవరూ వాయించకుండా ఉండిపోయాయి.

ఉద్యోగంలో ఏం జరిగిందో కూడా చూద్దాం. ఆమె అదే పాఠశాలలో ఆచార్యురాలై, చాలామంది మగవాళ్ళకన్నా ఎక్కువ జీతం తీసుకుంది. పెళ్ళి చేసుకోలేదు. పాఠశాల వ్యవహారాల్లో ఆమె మాట చెల్లేది. ఒక మగ ఆచార్యుడికి ఇవన్నీ గొప్పతనాలవుతాయి. ఆమె విషయంలో పత్రికలు వీటినే తప్పులుగా రాశాయి. జీతం మీద, అహంకారం మీద, ఒంటరి జీవితం మీద రాతలు వచ్చాయి. 1909లో సెలవు పేరుతో ఆమెని పదవినుంచి తప్పించారు. ఆ తర్వాత ఆమె తన ఇంట్లోనే బాగా కలిగినవాళ్ళ ఆడపిల్లలకి పియానో నేర్పుకుంటూ గడిపింది. చాలా ఏళ్ళకి, 1937లో, ఇంపీరియల్ కళా అకాడమీ సభ్యత్వం ఇచ్చారు. గౌరవం తిరిగొచ్చింది కానీ పాఠశాలలో ఆమె స్థానం తిరిగి రాలేదు.

అదే 1909లో మియురా తమాకి అనే గాయనికీ ఇలాంటిదే జరిగింది. తండ్రి చెప్పినట్టు పెళ్ళికి ఒప్పుకుంటేనే ఆమెకి సంగీత పాఠశాలలో చేరే అనుమతి దొరికింది. చదువయ్యాక అక్కడే పాఠాలు చెబుతుండగా విడాకులయ్యాయి. పత్రికల గోల మొదలైంది, ఉద్యోగం వదులుకుంది. 1915లో లండన్‌లో "మదామ్ బటర్‌ఫ్లై" ఆపెరాలో ప్రధాన పాత్ర పాడి ప్రపంచమంతా పేరు తెచ్చుకుంది. ఆ పాత్ర ఏమిటో కూడా గుర్తుంచుకోవాలి. ఒక అమెరికన్ నౌకాధికారి వదిలేసి వెళితే ప్రాణం తీసుకునే జపాన్ స్త్రీ. తన ఇష్టప్రకారం బతికినందుకు స్వదేశంలో నిందలు పడిన మనిషిని విదేశం చప్పట్లతో స్వాగతించింది, కానీ పురుషుడి కోసం చచ్చిపోయే పాత్రలో.

ఎవరి సంగీతం సంగీతం?

ఇంతవరకూ చదువుకున్న కుటుంబాల స్త్రీల సంగతి చెప్పాను. ఈ పాఠశాలలు పుట్టకముందు జపాన్‌లో స్త్రీలకి సంగీతం లేదా? ఉంది. గెయిషాలు షామిసెన్ అనే మూడు తంత్రుల వాయిద్యం వాయిస్తూ పాడేవారు. గోజేలనే అంధ స్త్రీలు జట్లుగా ఊళ్ళు తిరిగి, షామిసెన్ వాయిస్తూ పొడుగాటి కథాగానాలు పాడి బతికేవారు. వాళ్ళకి సొంత సంఘాలు, సొంత కట్టుబాట్లు ఉండేవి. మగవాడితో సంబంధం పెట్టుకున్న గోజే సంఘంలో తన సీనియారిటీ ఏళ్ళు పోగొట్టుకునేది, కొన్నిసార్లు సంఘంనుంచే వెలి అయ్యేది. అంటే ఆ సంఘాలు ఒకవైపు బతుకుతెరువు ఇచ్చాయి, మరోవైపు శరీరం మీద నిఘా పెట్టాయి. మరోపక్క కోతో అనే వాయిద్యాన్ని వృత్తిగా నేర్పే హక్కు అంధ పురుషుల సంఘం చేతిలో ఉండేది. 1871లో ప్రభుత్వం ఆ సంఘాన్ని రద్దుచేసింది.

కొత్త సంగీత విద్య ఈ స్త్రీల విద్యని విద్యగా లెక్కించలేదు. షామిసెన్ పాటలు వేశ్యావాటికల వాసన కొడుతున్నాయని, "సంస్కరించాలని" అన్నారు. కోతో కొంత మర్యాదైనదని దాన్ని తీసుకున్నారు. అదీ యథాతథంగా కాదు. 1888లో పాఠశాల తరఫున అచ్చయిన కోతో పాటల సంపుటిలో శృంగారం ఉన్న సాహిత్యాన్ని మార్చి, బాణీలు మాత్రం ఉంచారు. జపాన్ సంప్రదాయ సంగీతానికి ఆ పాఠశాలలో పూర్తిస్థాయి శాఖ రావడానికి 1936 దాకా పట్టింది.

ఈ మాట వింటుంటే మీకు ముద్దుపళని గుర్తొచ్చి ఉండాలి. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మ "రాధికాసాంత్వనము"ని పూర్తిగా అచ్చువేయించింది. మరుసటి సంవత్సరం ప్రభుత్వం నిషేధించింది. 1947లో గాని నిషేధం తొలగలేదు. త్యాగయ్య సమాధి దగ్గర స్త్రీలు పాడకూడదంటే విడిగా స్త్రీల ఆరాధన నడిపింది కూడా ఆవిడే. రెండు దేశాల పరిస్థితులు ఒకటి కాదు. అయినా ఒక పోలిక ఉంది. "గౌరవనీయమైన" ఇంటి ఆడపిల్లకి సంగీతం అందుబాటులోకి రావడానికి, అదే సంగీతంతో బతికిన స్త్రీని అగౌరవపరచి పక్కకి తోశారు. మనం స్త్రీవిద్య విజయాలు చెప్పుకునేటప్పుడు ఈ రెండో సగాన్ని మరిచిపోకూడదు.

వాయించే చెయ్యి, రాసే చెయ్యి

1949లో సంగీత పాఠశాల, లలితకళల పాఠశాల కలిసి టోక్యో కళా విశ్వవిద్యాలయం అయ్యాయి. సంగీత శాస్త్రానికి విడిగా ఒక శాఖ వచ్చింది. వాయించడం, పాడటం ఒకవైపు, చరిత్ర, సిద్ధాంతం, పరిశోధన ఇంకోవైపు. మద్రాసు, లక్నోలలో సంగీతం నేర్చుకున్న కొయిజుమి ఫుమియో ఈ విశ్వవిద్యాలయంలోనే బోధించాడు. 1960ల్లో విద్యార్థులతో కలిసి టోక్యో ప్రాథమిక పాఠశాలల్లో పిల్లల ఆటపాటలు సేకరించాడు. గొప్ప సంగీతం అంటే యూరప్‌దే అనే భావనని ఆయన ప్రశ్నించాడు. ఇది మంచి మార్పే. గోజేల పాటల్ని కూడా పరిశోధకులు రికార్డు చేశారు. 1978లో కోబయాషి హారు అనే గోజేని ప్రభుత్వం "సజీవ జాతీయ నిధి"గా గుర్తించింది. అప్పటికి ఆమెకి డెబ్బై ఎనిమిదేళ్ళు, ఊళ్ళు తిరిగి పాడే బతుకు ముగిసిపోయింది. 2005లో నూట అయిదేళ్ళ వయసులో చనిపోయింది. రోడ్ల మీద పాడినన్నాళ్ళూ ఆమె బిచ్చగత్తెతో సమానం. ఆ వృత్తి చచ్చిపోతుంటే ఆమె నిధి అయింది. పరిశోధన చేసేవాళ్ళు, పరిశోధనకి వస్తువయ్యేవాళ్ళు అనే విభజన అక్కడా పోలేదు. ఇది పరిశోధకురాలిగా నన్ను నేనూ అడుక్కోవలసిన ప్రశ్నే.

ఇక వాయించే చదువు సంగతి. జపాన్ సంగీత విశ్వవిద్యాలయాల విద్యార్థుల్లో స్త్రీలదే అధిక సంఖ్య. పై స్థాయి ఆచార్యుల్లో, కండక్టర్లలో పురుషులదే. ఈ చదువు తరగతి గదిలో యాభైమందితో జరగదు. మూసిన గదిలో ఒక గురువు, ఒక శిష్యురాలు. పరీక్షలో మార్కులు, పోటీలకి సిఫారసు, కచేరీ అవకాశం, చదువయ్యాక పాఠాలు చెప్పే ఉద్యోగం, అన్నీ ఆ గురువు మాట మీదే. సంప్రదాయ సంగీతంలో ఇయెమోతో పద్ధతి, అంటే ఘరానా పెద్దకి సర్వాధికారం ఉండే పద్ధతి, ఈ పట్టుని ఇంకా బిగిస్తుంది. ఇలాంటి చోట వేధింపు జరిగితే ఫిర్యాదు చేయడమంటే తన భవిష్యత్తుని తానే మూసుకోవడం. 1997లో సవరించి 1999 నుంచి అమలుచేసిన సమాన ఉద్యోగావకాశాల చట్టం లైంగిక వేధింపుల నివారణని యజమానుల బాధ్యత చేసింది. అదే సంవత్సరం విద్యాశాఖ నియమాలూ వచ్చాయి. ఆ తర్వాతే విశ్వవిద్యాలయాల్లో ఫిర్యాదు కమిటీలు విస్తృతంగా ఏర్పడ్డాయి. మనకి 1997లో విశాఖ తీర్పు, 2013లో చట్టం వచ్చాయి. కానీ గురుశిష్య సంబంధం పవిత్రమైనదనే మాట అడ్డం వచ్చిన ప్రతిచోటా కమిటీ గోడమీది బోర్డుగా మిగిలిపోవడం మనకి అనుభవమే.

మార్పు లేదని నేను అనడం లేదు. 1982లో మత్సువో యోకో బెజాన్సాన్ కండక్టర్ల పోటీలో గెలిచిన మొదటి స్త్రీ అయింది. 2019లో ఒకిసావా నొదోకా అదే పోటీ గెలిచి, 2023లో క్యోటో సింఫనీ ఆర్కెస్ట్రాకి ప్రధాన కండక్టర్ అయింది. ఇద్దరూ టోక్యో కళా విశ్వవిద్యాలయంలో చదివినవాళ్ళే. 1993లో కోబయాషి మిదోరి వంటి పరిశోధకులు స్త్రీలు-సంగీతం మీద ఒక పరిశోధక వేదిక ఏర్పరచుకున్నారు. 1999లో ఆమె సంపాదకత్వంలో స్త్రీ స్వరకర్తల మీద పుస్తకం వచ్చింది. వీళ్ళు రచనలు వెతికారు, కచేరీల్లో వాయింపజేశారు. వాయించే చెయ్యీ రాసే చెయ్యీ కలిస్తేనే మరుగునపడ్డ స్త్రీ బయటికి వస్తుందని వీళ్ళ పని చెబుతోంది.

మన పనికి ఇందులోంచి ఏం తీసుకోవాలి? ఒక సంస్థలో ఆడపిల్లల సంఖ్య పెరిగిందని ఎవరైనా చూపించినప్పుడు మరో నాలుగు ప్రశ్నలు వేద్దాం. పాఠం నిర్ణయించేది ఎవరు? మార్కులు వేసేది ఎవరు? ఫిర్యాదు వినేది ఎవరు? చరిత్ర రాసేటప్పుడు ఎవరి పేరు నిలుస్తోంది? వీటితోపాటు అయిదోది కూడా ఉంది. ఈ తలుపు తెరవడానికి ఏ స్త్రీలని బయటికి పంపారు? నర్సింగుకైనా, టీచరు ట్రైనింగుకైనా, నాట్య పాఠశాలకైనా ఈ ప్రశ్నలే వర్తిస్తాయి. మీమీ జిల్లాల్లో మీరు చూసిన సంస్థల గురించి ఇప్పుడు మీరు చెప్పండి, చర్చ అక్కడినుంచి మొదలుపెడదాం.