విశ్వాసమా, బంధనమా?

(పట్టణ పఠనమందిర సభలో చేసిన ఉపన్యాసపు పాఠము)



ఈ మందిరమునకు నిత్యము వచ్చి పత్రికలు చదువు పెద్దలు పలువురు ఇటీవల మమ్ములను ఒకే ప్రశ్న వేయుచున్నారు. "పదిపండ్రెండేండ్లుగా ఒకే మార్కు ఫోను వాడుచున్నాము. అది పాతబడినది. మరల అదే కొనుటయా, లేక ఆవలి పక్షమునకు పోవుటయా?" అని. ఆవలి పక్షమనగా ఆండ్రాయిడు వాడువారికి ఐఫోను, ఐఫోను వాడువారికి ఆండ్రాయిడు. చూచుటకిది బజారు ప్రశ్న. న్యాయవాదుల నడుగవలసినది కాదు. కాని అడుగువారి కంఠమును బట్టి గ్రహింపగా, వారు వెలను గుఱించి గాని కెమెరాను గుఱించి గాని అడుగుట లేదు. ఇన్నాళ్లు నమ్మినదానిని విడుచుట న్యాయమా యని అడుగుచున్నారు. ఏ యెండ కా గొడుగు పట్టువారమని లోకము నవ్వునేమో యను సంకోచము వారిని బాధించుచున్నది. కావున దీనిని న్యాయప్రశ్నగనే తీసికొని విచారింతము.

మొదట పక్షములెవ్వియో తెలిసికొనవలెను. బండి వేఱు, బండి తోలువాడు వేఱు అయినట్లే, ఫోను వేఱు, దానిని నడిపించు ఆపరేటింగు సిస్టము వేఱు. ఆపిల్ వారు 2007లో ఐఫోనును అమ్మకమునకు పెట్టిరి. అందలి ఐఓఎస్ అను సిస్టము వారి ఫోనులలో తప్ప అన్యుల ఫోనులలో లేదు. ఆండ్రాయిడును గూగుల్ వారు 2005లో కొని, 2008లో తొలి ఫోను ద్వారా లోకమునకు తెచ్చిరి. దానిని శాంసంగ్, షావోమీ, వివో, మోటొరోలా మొదలగు పెక్కు కంపెనీలు తమ ఫోనులలో పెట్టుకొని అమ్ముచున్నవి. మన దేశమున నూటికి తొంబదికి మించిన ఫోనులు ఆండ్రాయిడువే. ఆండ్రాయిడు వాడువానికి ఒక కంపెనీపై విసుగు పుట్టినచో, సిస్టమును మార్చకయే వేఱొక కంపెనీ ఫోను కొనవచ్చును. ఐఫోను వాడువానికి ఆ వీలు లేదు. అందుకు బదులుగా, బండియు తోలువాడును ఒకే యింటివారగుటచే వారి మధ్య పొరపొచ్చెములు తక్కువ.

ఒకే మార్కును అంటిపెట్టుకొనుటను కొందఱు మూఢత్వమని పరిహసింతురు. మేమట్లు తలపము. అలవాటు కూడ ఒక విద్యయే. డెబ్బదియేండ్ల వృద్ధుడు మందుల చీటీని ఫోటో తీసి కుమార్తెకు పంపగలుగుచున్నాడన్న, ఏ మూల ఏ గుర్తున్నదో ఆయన వ్రేళ్లకు పాఠమైనదన్నమాట. దానిని ఒక్క దినమున తుడిచివేసి మరల ఓనమాలు దిద్దుమనుట చిన్న శ్రమ కాదు. అట్టివారు ఉన్నచోటనే యుండుట వివేకము. కాని అది ఆయన సౌకర్యము కొఱకు. కంపెనీకి ఏదో ఋణము తీర్చుటకు గాదు. ఈ రెంటికిని గల భేదమును మఱచుట వలననే చిక్కులు వచ్చుచున్నవి.

విశ్వాసమనునది ఇరువైపుల నుండవలెను. కంపెనీల వైపున అది యెంతవఱకు నిలుచునో చరిత్రను అడిగి చూతము. ఒకప్పుడు నోకియా పేరు వినని యిల్లు మన యూళ్లలో అరుదు. 2003లో వచ్చిన 1100 అను చిన్న ఫోను ప్రపంచమున 25 కోట్లకు పైగ అమ్ముడుపోయినది. ఆ నమ్మకముతోనే పలువురు తరువాత ఆ కంపెనీవారి సింబియాను ఫోనులు కొనిరి. 2011 ఫిబ్రవరిలో కంపెనీవారు సింబియానును ప్రక్కకు నెట్టి, మైక్రోసాఫ్ట్ వారి విండోస్ ఫోను సిస్టమును చేపట్టుదుమని ప్రకటించిరి. విశ్వాసపాత్రులు వారి వెంట నడచిరి. 2014 ఏప్రిలులో ఫోనుల వ్యాపారము మైక్రోసాఫ్ట్ వశమైనది. ఆ సంవత్సరమే నవంబరు 1వ తేదీన మనకు పొరుగుననున్న శ్రీపెరుంబుదూరు కర్మాగారము మూతపడినది. 2020 జనవరితో విండోస్ ఫోనులకు సవరణలు పంపుటయు నిలిచినది. బ్లాక్‌బెర్రీ కథయు ఇట్టిదే. వారి స్వంత సిస్టముపై నడచు ఫోనులకు 2022 జనవరి 4వ తేదీన సేవలు నిలిపివేయగా, ఆ ఫోనులతో మాటలాడగలమను నమ్మకము కూడ లేకపోయెను.

తుదివఱకు నిలిచినవారి యందు దోషము లేదు. కంపెనీల యందు ద్రోహమును లేదు. లాభనష్టముల లెక్క చూచుకొని అవి తమ దారిని తాము పోయినవి. అమ్మువాడు లెక్క చూచుకొనుట తప్పు గానపుడు, కొనువాడు లెక్క చూచుకొనుట తప్పెట్లగును?

మఱియొక మాట. ఫోను కొన్న మొదటి దినమున మనము చదువకయే 'సమ్మతము' అని నొక్కు ఒడంబడిక యొకటి యున్నది. ఆపిల్ వారి ఒడంబడికలో, సాఫ్టువేరు అమ్మబడుట లేదనియు, వాడుకొనుటకు అనుమతి మాత్రమే ఈయబడుచున్నదనియు స్పష్టముగ నున్నది. యంత్రము మనది, దానిని నడిపించునది మనది కాదు. అద్దెకున్నవాడు ఇంటి యజమానికి అద్దె బాకీపడును గాని భక్తి బాకీపడడు.

ఇక ఈ రెండు పక్షముల వైరమెట్టిదో చూడుడు. కాలేజీలలోను కాఫీ హోటళ్లలోను ఐఫోనువారును ఆండ్రాయిడువారును గొంతు చించుకొని వాదించుచుందురు. అక్కడ, ఐఫోనులోని సఫారీలో వెదకువారికి మొదట తమ సేవయే లభించునట్లు గూగుల్ వారు 2022 ఒక్క సంవత్సరమున ఆపిల్ వారికి 2,000 కోట్ల డాలర్లు చెల్లించినట్లు, అమెరికా న్యాయస్థానమున జరిగిన వ్యాజ్యములో 2024లో వెల్లడియైన పత్రములు చెప్పుచున్నవి. ప్రభువులు ఒకే పంక్తిని భోజనము చేయుచుండగా బంట్లు వీధిలో కత్తులు దూసికొనుట ఎందులకు?

న్యాయపీఠముల ముందు నిలువవలసి వచ్చుటలోను ఇరువురును సమానులే. ఆండ్రాయిడు ఫోనుల విషయమున తన ప్రాబల్యమును దుర్వినియోగము చేసినదని గూగుల్ పై మన దేశపు కాంపిటీషన్ కమిషన్ వారు 2022 అక్టోబరు 20న 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించిరి. 2023 మార్చిలో అప్పీలు ట్రిబ్యునలు వారు కొన్ని ఆదేశములను కొట్టివేసియు, జరిమానాను ఖాయపఱచిరి. ఆపిల్ పై 2024 మార్చి 21న అమెరికా న్యాయశాఖవారు దావా వేసిరి. తమ ఫోను వాడువారు బయటకు పోవుట కష్టమగునట్లు చేయుచున్నారనుట అందలి అభియోగములలో నొకటి. అభియోగము తీర్పు కాదని ఈ సభకు వేఱుగ చెప్పనక్కఱలేదు. కాని 2021లో వేఱొక వ్యాజ్యమున బయటపడిన ఆపిల్ అధికారుల లేఖలు గమనింపదగినవి. తమ సందేశముల సేవను ఆండ్రాయిడునకు కూడ ఇచ్చినచో, ఐఫోను వాడు కుటుంబములు పిల్లలకు ఆండ్రాయిడు ఫోనులు కొని యిచ్చుటకు గల అడ్డు తొలగునని వారిలో నొకరు వ్రాసిరి. అనగా గోడ తనంత తాను లేచినది కాదు, కట్టబడినది.

కావున మా సిద్ధాంతమిది. పోగలిగియు నిలుచుట విశ్వాసము. పోలేక నిలుచుట బంధనము. బయటికి రెంటికిని రూపమొక్కటే. ఎవరికి వారు తమ స్థితి యేదియో పరీక్షించుకొనవలెను.

మఱి మన విశ్వాసము దేనికి చెల్లవలెను? ఫోనులోనున్న మన సొత్తునకు. దివంగతులైన తల్లిదండ్రుల కంఠస్వరములు, బిడ్డల చిత్రములు, ఇరువదియేండ్లుగా కూడబెట్టిన స్నేహితుల నంబరులు, లావాదేవీల సందేశములు అందులోనే యున్నవి. 2024 జులై 1 నుండి అమలులోనున్న భారతీయ సాక్ష్య అధినియమము 63వ సెక్షను ప్రకారము, తగిన ధ్రువపత్రముతో ఫోనులోని సందేశములు సాక్ష్యముగ చెల్లును. అప్పు ముట్టినదని ఎదుటివాడు వ్రాసిన వాట్సాపు సందేశమే సర్వాధారముగా మా యొద్దకు వచ్చు కక్షిదారులు కలరు. "ఆ సందేశమేది?" యని అడిగిన, "పాత ఫోనును అంగడిలో మార్పిడికిచ్చి క్రొత్తది తెచ్చుకొంటిమి" అని చెప్పువారును కలరు. మార్పిడిలో వారికి తగ్గిన వెల కొద్ది వేలు. పోయిన సాక్ష్యము విలువ లక్షలు.

ఇందులోని మర్మము తెలిసికొనుడు. ఆండ్రాయిడులో వాట్సాపు ప్రతి గూగుల్ వారి కొట్టులో దాచబడును. ఐఫోనులో ఆపిల్ వారి కొట్టులో దాచబడును. ఒకచోట దాచినది రెండవచోట తెఱచుకొనదు. ఒకదానినుండి మఱియొకదానికి మార్చు మార్గములు 2021, 2022 సంవత్సరములలో ఏర్పడినవి. కాని ఆ మార్పు, క్రొత్త ఫోనును మొదటిసారి అమర్చునపుడు, పాత ఫోను చేతనుండగనే చేసికొనవలెను. పాతది అంగడివాని బల్లపై పెట్టిన పిమ్మట అడిగి లాభము లేదు. వెల యిచ్చి కొన్న ఆపులు కూడ ఒక పక్షపు దుకాణమునుండి రెండవ పక్షమునకు రావు.

ఇప్పుడు ఎంపిక మాట. కొనబోవువాడు తన్ను తాను నాలుగు ప్రశ్నలడుగవలెను.

మొదటిది, సవరణల మాట. 2018 ఫిబ్రవరిలో ఒక వింత జరిగినది. మన లిపిలోని 'జ్ఞా' అను అక్షరము ఒక విధమైన కూర్పుతో సందేశముగ వచ్చినచో, ఐఫోనులోని ఆపులు కుప్పకూలుచుండెను. జ్ఞానమునకు మొదటి అక్షరమే ఆ యంత్రమునకు మింగుడుపడకపోయెను! ఆ నెల 19వ తేదీన ఆపిల్ వారు 11.2.6 అను సవరణ పంపి దానిని దిద్దిరి. లోపములు ఏ సిస్టములోనైనను పుట్టును; దిద్దువాడు ఎన్నాళ్లుండునన్నదే ప్రశ్న. 2015 నాటి ఐఫోను 6ఎస్ కు 2021 నాటి ఐఓఎస్ 15 వఱకు క్రొత్త వెర్షనులు వచ్చినవి. గూగుల్ వారు 2023 అక్టోబరులో పిక్సెల్ 8కును, శాంసంగ్ వారు 2024 జనవరిలో గెలాక్సీ ఎస్ 24కును 7 సంవత్సరములు సవరణలిత్తుమని మాట యిచ్చిరి. తక్కువ వెలకు దొరకు ఆండ్రాయిడు ఫోనులలో పెక్కింటికి ఇంత దీర్ఘమైన మాట లేదు. వెలను సవరణలు వచ్చు సంవత్సరములతో భాగించి చూచినచో, చవుకైనది ప్రియమగుటయు, ప్రియమైనది చవుకయగుటయు కలదు.

రెండవది, వాకిలి మాట. ఆండ్రాయిడులో కంపెనీ దుకాణమునుండియే గాక బయటినుండియు ఆపులు తెచ్చి పెట్టుకొనవచ్చును. ఐఫోనులో ఆ స్వేచ్ఛ మన దేశమున లేదు. ఐరోపా సమాఖ్యలో శాసనబలముచే 2024 మార్చి నుండి వేఱు దుకాణములకు చోటు దొరకినది. అయితే తెఱచిన వాకిలి దొంగకును తెఱచియే యుండును. పెండ్లి శుభలేఖ యనియు, బ్యాంకు నోటీసు అనియు ఏపీకే ఫైలులు పంపి సొమ్ము దోచు మోసములు మన యూళ్లలో నిత్యము వినుచున్నాము. వచ్చినదెల్ల నొక్కు స్వభావము గలవారికి మూసిన వాకిలి మేలు. చూచి నడచువారికి తెఱచిన వాకిలి మేలు.

మూడవది, ఇంటి మాట. చిక్కు వచ్చినపుడు సాయపడు కుమారుడో, కోడలో, పొరుగువాడో ఏ ఫోను వాడుచున్నాడు? పరదేశముననున్న బిడ్డ చెప్పు సలహా తన చేతనున్న ఫోనును బట్టియే యుండును గదా.

నాల్గవది, తరువాతి మాట. మనము పోయిన పిమ్మట ఇందలి సొత్తు ఎవరికి చెందును? తన ఖాతా ఎవరికి తెఱువవలెనో ముందుగ నిర్ణయించు ఏర్పాటును గూగుల్ వారు 2013లోను, ఆపిల్ వారు 2021 డిసెంబరులోను కల్పించిరి. వీలునామా వ్రాసిన పెద్దలును దీనిని వ్రాయుట మఱచుచున్నారు. ఏ పక్షమున నున్నను ఇది నేడే చేయదగిన పని.

ఈ నాలుగింటికిని పాత మార్కే తగిన సమాధానమైనచో నిశ్చింతగ నుండుడు. ఎవరును మిమ్ములను మూఢులనజాలరు. క్రొత్తది సమాధానమైనచో నిస్సంకోచముగ పొండు. ఎవరును మిమ్ములను కృతఘ్నులనజాలరు. ఎటు పోయినను, నంబరులను చిత్రములను సందేశములను రెండు పక్షములకును చెందని చోట, ఇంటి కంప్యూటరులోనో హార్డు డిస్కులోనో, ఒక ప్రతి దాచుకొనుడు. ఆ ప్రతి యున్నవాడు ఏ కంపెనీ గడపనైనను తలయెత్తి దాటగలడు.

ఒక్క మనవి చేసి విరమింతుము. పై పనులు యువకులకు గడియలో తెమలునవి, వృద్ధులకు కొండలు. ఈ మందిరపు స్వచ్ఛంద సేవకులలో మేమును ఒకరము. ఆదివారము ఉదయము మేము కొందఱము ఇచ్చటనే కూర్చుందుము. క్రొత్త ఫోను కొనదలచిన పెద్దలు అంగడికి పోవుటకు ముందు, పాత ఫోనును చేతబట్టుకొని ఇటు రండు. ఏ మార్కు కొనవలెనో మేము చెప్పము. మీ సొత్తు మీ చేతికి వచ్చునట్లు చేసి పంపుదుము. పిమ్మట ఎంపిక మీదియే యగును.