బైబిలు చదవడంలో మెలకువలు



చాలా క్రైస్తవ గృహాలలో పిల్లలచేత బైబిలు చదివించేది, రాత్రి కుటుంబ ప్రార్థనకు అందర్నీ కూర్చోబెట్టేది ఇల్లాలే. పాదిరిగారి ప్రసంగం వారానికి ఒక్కసారి. ఇంట్లో తల్లి చెప్పే మాట నిత్యమూ వినపడేది. అందుచేత బైబిలు ఎలా చదవాలి, చదివినదానికి అర్థం ఎలా తీసుకోవాలి అన్నది పండితులకే వదిలేయవలసిన విషయం కాదు.

“భక్తితో చదివితే చాలదా? ఇందులో నేర్చుకోవలసిందేముంది?” అని మీరు అడగవచ్చు. భక్తి ఉండవలసిందే. కాని మత్తయి సువార్త నాలుగో అధ్యాయం ఒకసారి చూడండి. అరణ్యంలో యేసును శోధించడానికి వచ్చిన సాతాను వట్టి చేతులతో రాలేదు. తొంభై ఒకటో కీర్తనలోని మాటలు పట్టుకొచ్చాడు. మాటలు బైబిలువే, వాడిన తీరే తప్పు. దేవుడు కాపాడతాడన్న మాటను దేవుణ్ణి పరీక్షించడానికి సాకుగా వాడాడు. యేసు ద్వితీయోపదేశకాండంలోని మరొక మాట చెప్పి అతన్ని తిప్పికొట్టాడు. కాబట్టి బైబిల్లో ఉంది కదా అని ఏ వచనాన్నయినా తెచ్చి ఎక్కడయినా అతికించకూడదు. అలా అతికిస్తే మనుషులకు గాయాలవుతాయి.

మొదటి మెలకువ, వచనానికి ముందూ వెనకా చదవడం. అధ్యాయాలు, వచనాల అంకెలు మూలంలో లేవు. అధ్యాయాల విభజన పదమూడో శతాబ్దంలో వచ్చింది. కొత్త నిబంధనలో మనమిప్పుడు చూసే వచనాల అంకెలు 1551లో రాబర్ట్ ఎస్తియెన్ అనే ముద్రాపకుడు వేసినవి. పౌలు అంకెలు వేసి వ్రాయలేదు, ఉత్తరం వ్రాశాడు. ఉత్తరంలో ఒక్క వాక్యం చింపి చదివితే ఏమవుతుందో మనకు తెలియనిది కాదు.

భార్యలు భర్తలకు లోబడాలన్న మాటే తీసుకోండి. ఎఫెసీయులకు వ్రాసిన పత్రిక అయిదో అధ్యాయం, ఇరవై రెండో వచనం. ఎన్ని ఇళ్ళలో ఈ ఒక్క వచనం కర్రలా పనిచేసిందో! దెబ్బలు తిని వచ్చిన ఇల్లాలికి ఇదే చూపించి “ఓర్చుకో అమ్మా” అని వెనక్కి పంపినవారున్నారు. కాని దానికి ముందున్న ఇరవై ఒకటో వచనంలో విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడాలని ఉంది. మిక్కిలి ప్రాచీనమైన గ్రీకు ప్రతులు కొన్నింటిలో ఇరవై రెండో వచనానికి వేరే క్రియాపదమే లేదు, పైవచనంలోని “లోబడటం” దీనికీ వర్తిస్తుంది. తరువాత భర్తలకు చెప్పింది ఇంకా ఎక్కువ. క్రీస్తు సంఘం కోసం ప్రాణమిచ్చినట్లు భార్యను ప్రేమించాలి, తన శరీరంలా చూసుకోవాలి. ఈ భాగం మీద సంఘాలలో అభిప్రాయభేదాలు లేకపోలేదు. అయితే ఏ అర్థం తీసుకున్నా, కొట్టే చేతికి మాత్రం ఇందులో చోటు లేదు.

రెండోది, ఎవరు, ఎవరితో, ఎప్పుడు అన్నారు అని అడగడం. కొత్త సంవత్సరం ఆరాధనలో మనం వాగ్దానపు కార్డులు తీసుకుంటాం కదా! వాటిలో తరచు కనిపించేది యిర్మీయా గ్రంథం ఇరవై తొమ్మిదో అధ్యాయంలోని మాట. దేవుడు మేలే తలపెట్టాడు, మీకు నిరీక్షణ ఉంది అని దాని భావం. ఆ కార్డు చూడగానే ఈ ఏడాది అన్నీ కలిసివస్తాయని సంతోషిస్తాం. కాని అది యెరూషలేము నుంచి బబులోనుకు చెరగా పోయినవారికి యిర్మీయా పంపిన ఉత్తరం. రెండేళ్ళలో తిరిగి వచ్చేస్తారని మరొక ప్రవక్త అంటుంటే, డెబ్భై ఏళ్ళు పడుతుందన్నాడు యిర్మీయా. అందాకా ఇళ్ళు కట్టుకోండి, తోటలు వేసుకోండి, పిల్లలకు పెళ్ళిళ్ళు చేయండి, ఆ పరాయి ఊరి క్షేమం కోసం ప్రార్థించండి అన్నాడు. ఆ ఉత్తరం విన్న పెద్దలలో చాలామంది తిరిగి వెళ్ళడానికి బ్రతికి ఉండేవారు కారు. ఇదంతా తెలిస్తే వాగ్దానం చిన్నదవుతుందా? నాకలా తోచదు. ఏడాది తిరిగినా కష్టం తీరని ఇల్లాలికి, నా నమ్మకంలోనే లోపముందేమో అని కుమిలే అవసరం ఉండదు.

మూడోది, చదివేది ఏ తరహా రచనో గుర్తించడం. బైబిలు ఒక్క పుస్తకం కాదు. చరిత్ర, ధర్మశాస్త్రం, కీర్తనలు, ఉత్తరాలు, ఉపమానాలు అన్నీ ఉన్న గ్రంథాలయం. సామెతల గ్రంథంలో సామెతలున్నాయి. మన తెలుగులో “నిదానమే ప్రధానం” అంటాం, “ఆలస్యం అమృతం విషం” అనీ అంటాం. రెండూ నిజమే, వేళనుబట్టి. సామెతలు ఇరవై ఆరో అధ్యాయంలో మూర్ఖునికి జవాబివ్వవద్దని ఒక వచనం, ఇమ్మని ఆ పక్క వచనం! పొరపాటున పడ్డవి కావు, సామెతల తీరే అంత.

అలాగే పిల్లవాడికి చిన్నప్పుడే మంచి దారి నేర్పితే పెద్దయినా తప్పడని ఇరవై రెండో అధ్యాయంలో ఉంది. కొడుకు చెడుతిరుగుళ్ళు పట్టిన తల్లి ఇది చదివి “నా పెంపకమే తప్పు” అని ఏడుస్తుంది. చుట్టుపక్కలవారూ అదే అంటారు. అది లోకానుభవం చెప్పే సామెత, పూచీకత్తు పత్రం కాదు. తప్పిపోయిన కుమారుని కథలో తండ్రి పెంపకాన్ని యేసు తప్పుపట్టలేదు సుమా!

నాలుగోది, క్రైస్తవులకు అన్నిటికన్న ముఖ్యమైనది. ఏ భాగం చదివినా క్రీస్తు వెలుగులో చదవాలి. ఎమ్మాయు దారిలో ఆయన తన శిష్యులిద్దరికి మోషేతో మొదలుపెట్టి లేఖనాలను వివరించాడని లూకా వ్రాశాడు. పుట్టుగుడ్డివాణ్ణి చూసి, పాపం వీడిదా, తల్లిదండ్రులదా అని శిష్యులడిగితే, ఎవరిదీ కాదన్నాడాయన. యోబు స్నేహితులు కూడా, కష్టం వచ్చిందంటే పాపం చేసే ఉంటావన్నారు. ఆ మాటలూ బైబిల్లోనే ఉన్నాయి. కాని వారు పలికింది సరికాదని చివర దేవుడే అన్నాడు. అవిటి బిడ్డను ఎత్తుకున్న తల్లి దగ్గర లేఖనాలు వల్లించేవారు దీన్ని మరవకూడదు.

ఉత్తర ఆఫ్రికాలో హిప్పో నగరానికి బిషప్పుగా ఉన్న అగస్టీను, నాలుగో శతాబ్దం చివర మొదలుపెట్టిన గ్రంథంలో దీనికొక గీటురాయి చూపాడు. మనం చెప్పే అర్థం దేవుని మీదా, పొరుగువాని మీదా ప్రేమను పెంచకపోతే లేఖనం మనకింకా బోధపడనట్లే అన్నాడు. అర్థంకాని చోట్లను స్పష్టంగా ఉన్న చోట్ల సాయంతో తెలుసుకోవాలనీ చెప్పాడు.

ఇదంతా మా వల్ల ఎక్కడవుతుంది, ఇంటిపనితోనే సరిపోతుంది అనకండి. ఫిలిప్పీయులకు వ్రాసిన పత్రిక నాలుగే అధ్యాయాలు. పప్పు ఉడికేలోగా అయిపోతుంది. రోజుకొక వచనం ఏరుకోవడానికి బదులు, వారానికొకసారయినా ఒక పత్రిక మొదటినుంచి చివరిదాకా చదవండి. పాత తెలుగు అనువాదంలో మాట కొరుకుడు పడకపోతే వాడుక భాషలో వచ్చిన అనువాదం పక్కన పెట్టుకోండి. నలుగురు కలిసి చదివితే మరీ మంచిది, ఒకరికి తట్టనిది మరొకరికి తడుతుంది. ఇకమీదట ఎవరైనా ఒక వచనం మీమీదికి విసిరితే నొచ్చుకుని ఊరుకోకండి. పుస్తకం తెరిచి, “దీనికి ముందేముందండీ, తరువాతేముందండీ?” అని నెమ్మదిగా అడగండి. అలా అడగడం అవిశ్వాసం కాదు, వాక్యానికి మనమిచ్చే గౌరవం.