మంద కుక్కకు వానకాలపు ముప్పు

పాలమూరు, నల్లగొండ సీమలలో గొల్లకురుమల మంద కదలినచో కాపరి భుజమున గొంగళి, వెంట కుక్క తప్పక కానవచ్చును. ఎరువు కొరకు చేలలో మందను పెట్టిన రాత్రులందు తోడేలు జాడను మొదట పసిగట్టునది ఆ కుక్కయే. గొర్రెకు జబ్బు చేసినచో మందునకై పరుగెత్తుదుము. కుక్క మూలుగుచు పడియున్నచో "ఏదో తిన్నదిలే" అని ఊరకుందుము. ఆ మాట చాటున దాగియుండు ఒక అంటురోగమును గూర్చి నేడు శ్రోతలకు చెప్పదలచితిమి.

దాని పేరు లెప్టోస్పైరోసిస్. ఎలుక జ్వరమనియు అందురు. దీనికి మూలమైన సూక్ష్మజీవి సన్నని తీగను మెలిపెట్టినట్లుండును. జపాను బొగ్గుగని కార్మికులకు వచ్చు కామెర్ల జ్వరమునకు ఇదియే కారణమని ఇనాడా, ఇడో అను వైద్యులు 1915లో వెల్లడించిరి. ఎలుకల మూత్రపిండములలో ఇది కాపురముండును. ఎలుకకు మాత్రము పెద్దగా బాధ కలుగదు. మూత్రముతో వెలువడి, ఎండిన నేలపై త్వరలోనే నశించును గాని, తడి నేలలో, నిలువ నీటిలో వారముల తరబడి బ్రతుకును.

మనది మెట్ట సీమ గదా, భయమేమి అందురేమో. వానకాలమున కుంటలు నిండును, చెరువు క్రింద వరి మళ్లు తడియును. 1967 ఆగస్టు 4న నాగార్జునసాగర్ కాలువలకు నీరు విడిచిన పిదప నల్లగొండలో ఎన్నో మెట్ట చేలు మాగాణులైనవి. కాలువను నిందించుట మా ఉద్దేశము కాదు. వడ్లున్న చోట ఎలుక, నీరున్న చోట ఈ క్రిమి ఉండుట సహజము. కుక్క ఆ నీటినే త్రాగును, ముల్లు గీరిన కాళ్లతో అందులోనే నడచును.

జ్వరము, వాంతులు, కండరముల నొప్పి, మేత ముట్టకుండుట మొదటి గుర్తులు. తరువాత కన్నులు, చిగుళ్లు పచ్చబడవచ్చును, మూత్రము తగ్గవచ్చును. అప్పటికి మూత్రపిండములు చెడియుండును గనుక, తొలినాడే పశువైద్యుని కడకు కొనిపోవలెను.

పిచ్చికుక్క వ్యాధికి సూది వేయించితిమి గదా అని కొందరందురు. ఆ సూది దీనిని ఆపదు. దీని టీకా వేరు. పిల్లకు రెండు మూడు నెలల వయసున మొదటిది, రెండు నుండి నాలుగు వారములకు రెండవది, అటుపై ఏటేట ఒకటి వేయించవలెను. మృగశిర కార్తెకు ముందే వేయించుట మేలు. ఈ క్రిమిలో రకములు పెక్కు. టీకా అన్నిటిని అడ్డలేదు. కావున కుక్కకు శుభ్రమైన నీరు వేరుగా పెట్టుటయు, గాదెల చుట్టు ఎలుకలను తగ్గించుటయు మానరాదు.

ఇది మనుష్యులకును అంటును. జబ్బు కుక్క మూత్రమును వట్టి చేతులతో ఎత్తరాదు. రబ్బరు తొడుగులు ధరించి, బ్లీచింగు నీటితో కడుగవలెను. ఇంటిలో ఎవరికైన జ్వరము తగిలినచో, కుక్కకు జబ్బు చేసిన సంగతి డాక్టరుకు ముందుగా చెప్పవలెను. కోలుకొని తోక ఆడించుచున్న కుక్క సైతము చికిత్స పూర్తి కానిచో మూత్రమున క్రిమిని విడుచుచుండవచ్చును. అందుచేతనే వైద్యులు డాక్సిసైక్లిన్ మందును రెండు వారములు వాడింతురు. ఆ దినములలో దానిని బావి గట్టునకు, పశువుల తొట్టి కడకు పోనీయక, పొడి నేలపై కట్టియుంచవలెను.