దీపమునకు మరల రంగు వేయవలయునా?
(సంఘ వార్షికోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



గృహాలంకరణమును గుఱించి నాలుగు మాటలు చెప్పవలసినదని కార్యవర్గమువారు నన్ను కోరిరి. సచివాలయములో కాగితముల నడుమ కాలము గడుపువానికి గృహాలంకరణముతో సంబంధమేమని మీలో కొందఱకు తోచియుండును. నాకును తోచినది. ఐనను మేము ఫైళ్లలో నిత్యము చేయు పని యొకటి ఇందుకు అక్కఱకు వచ్చునని తలచితిని. ప్రతిపాదన యేమి? దానికి ఆధారమేమి? ఆక్షేపణలేవి? వ్యయమెంత? తుదకు ఉత్తర్వు ఇయ్యవలసినవారెవరు? ఈ ఐదు ప్రశ్నలను వరుసగా వేసికొన్నచో ఎంతటి చిక్కుముడియైనను కొంత సడలును. కావున పెద్ద విషయములను పెద్దలకు విడిచి, ఒక చిన్న ప్రశ్నను మాత్రమే నేడు మీ ముందుంచుచున్నాను. ఇంటి నడుమ వ్రేలాడు అలంకార దీపము వన్నె తగ్గి, పూర్వము వేసిన రంగు పెచ్చులూడుచున్నప్పుడు, దానికి మరల రంగు వేయవలయునా, వలదా?

ఇది మెయిన్‌లాండులో చిన్న ప్రశ్నయే. మన దీవులలో అంత చిన్నది కాదు. 2011 జనగణన ప్రకారము ఈ దీవుల జనసంఖ్య 3,80,581. అందు నూటికి పదుమువ్వురు తెలుగు మాతృభాషగా గలవారు. మనలో పెక్కు కుటుంబములు శ్రీకాకుళము, విశాఖపట్టణము ప్రాంతములనుండి వచ్చినవే. సుమారు మూడు దినములు ఓడలో ప్రయాణము చేసి వచ్చువాడు ఇంటిలోని వస్తువులనన్నిటిని తేలేడు. రుబ్బురోలును పెరటిలోనే విడిచిపెట్టును, మంచమును బంధువులకిచ్చును, పెట్టెలో పట్టిన నాలుగు వస్తువులను మాత్రము వెంట తెచ్చుకొనును. ఆ నాలుగింటిలో ఒక దీపముండుట మన ఇండ్లలో నేను చూచియున్నాను. ఇక్కడ పాతవస్తువు పోయినచో దానికి బదులు తెచ్చుటకు తాతగారి ఇల్లు ప్రక్కవీథిలో లేదు.

తెచ్చుకొన్నదానిని నిలుపుకొనుటయు సులభము కాదు. 2024 సెప్టెంబరులో శ్రీ విజయపురమని పేరు మార్చబడిన మన పోర్ట్ బ్లెయిర్ పట్టణమును రెండు ఋతుపవనములును తడుపుచున్నవి. ఏటికి సుమారు 3,000 మిల్లీమీటర్ల వర్షము కురియును. గాలిలోని తేమతో సముద్రపు ఉప్పు కలిసియుండును. పొడిప్రదేశములో ఏండ్ల తరబడి చెక్కుచెదరని ఇనుపచీల ఇచట రెండు వర్షాకాలములలో ఎఱ్ఱబడుట మీరెఱిగినదే.

ఇక విషయమునకు వత్తును. మొదట తెలిసికొనవలసినది దీపము ఏ లోహముతో చేయబడినదను సంగతి. పిల్లలు ఆడుకొను అయస్కాంతము చాలును. అది గట్టిగా అంటుకొన్నచో లోపల ఇనుము; అంటుకొననిచో ఇత్తడియో, కంచో, అల్యూమినియమో యై యుండును. ఇనుపదానిపై ఇత్తడి పూత పూసిన దీపములును అంగళ్లలో కలవు గనుక కంటిని మాత్రమే నమ్మరాదు.

ఇనుమైనచో చర్చ అక్కఱలేదు. తుప్పు ఇనుమును కాపాడదు. పొరలుగా రాలుచు, లోపలి లోహమును తినుచు పోవును. అట్టిదానికి తుప్పు వదలించి, ముందుగా ప్రైమరు వేసి, పిదప రంగు వేయుట ధర్మము. జనవరి మొదలు ఏప్రిల్ వఱకుగల పొడికాలములో ఈ పని పెట్టుకొనుట మేలు. తేమగాలిలో వేసిన రంగు చక్కగా ఆరదు, పట్టదు.

ఇత్తడి సంగతి వేఱు. రాగియు యశదమును కలిసిన ఈ లోహము నల్లబడినను, పైన ఏర్పడు పలుచని పొర లోపలి లోహమును కొంత కాపాడును. ఉప్పుగాలి తగిలినప్పుడు పచ్చని చిలుము పట్టును, దానిని తుడిచివేయుచుండవలెను. నునుపైన ఇత్తడిపై సాధారణపు రంగు గట్టిగా పట్టదు. కొన్నియేండ్లకు పెచ్చులుగా లేచును. ఆ పెచ్చుల క్రింద తేమ చేరి, బయటికి కనబడకుండ చిలుము పెరుగును. కావున ఇత్తడికి రంగు వేయుటవలన పని తగ్గినట్లు కనబడును గాని, ఆ పని కొంతకాలము వాయిదా పడును, అంతియే. వాయిదాయొక్క మహిమ ఉద్యోగులమైన మనకు ఒకరు చెప్పవలసిన పనిలేదు.

రెండవది, ఇంటిలోని పిల్లల క్షేమము. వెనుకటి ఇంటిరంగులలో సీసము కలిపెడివారు. గృహోపయోగపు రంగులలో సీసము పది లక్షల పాళ్లకు 90 పాళ్లకు మించరాదని మన దేశములో 2016లో నియమము చేయబడి, 2017 నవంబరు 1వ తేదినుండి అమలునకు వచ్చినది. అంతకు పూర్వపు రంగును గఱుకు కాగితముతో పొడిగా రుద్దినచో ఆ ధూళి గాలిలో కలియును. పసిపిల్లల మెదడునకు సీసము చేయు హాని తిరిగి సరిదిద్దరానిది. కావున పాతరంగును ఊడదీయవలసివచ్చినచో ఆరుబయట, ముఖమునకు తగిన మాస్కు ధరించి, తడిగా ఉంచియే తీయవలెను. తీసినదానిని పెరటిమట్టిలో పాఱవేయరాదు. గట్టిగా అంటియున్న పాతరంగును కదలింపక, దానిపై మఱియొక పూత వేసి మూసివేయుటయే పలుమారులు క్షేమకరము.

మూడవది విద్యుత్తు. వెనుకటి తీగబల్బు తాను తీసికొన్న విద్యుత్తులో నూటికి తొంబది పాళ్లకు పైగా వేడిగా మార్చెడిది. ఆ వేడికి రంగు పసుపువాఱి పగిలెడిది. నేటి ఎల్‌.ఇ.డి. బల్బుతో ఆ బాధ చాలవఱకు తగ్గినది. ఐనను లోహపు దీపమునకు ఎర్తు తీగ తప్పక ఉండవలెను. దీపముపై చేయి వేయుటకు ముందు మెయిను స్విచ్చి ఆపవలెను. మఱియొక మాట. ప్రభుత్వ క్వార్టరులో బిగించియున్న దీపము మనది కాదు. దానికి రంగు వేయు అధికారమును మనకు లేదు. నేను చెప్పునది మన సొంత దీపములను గుఱించి మాత్రమే.

ఇంతవఱకు చెప్పినది లోహమును గుఱించి. వస్తువును గుఱించి ఆలోచించునప్పుడు నాకు రెండు స్థలములు జ్ఞప్తికి వచ్చును. హైదరాబాదులోని చౌమహల్లా ప్రాసాదమున ఖిల్వత్ మహలులో 19 బెల్జియము గాజు దీపగుచ్ఛములు కలవు. చిరకాలము నిరాదరణకు లోనైన ఆ ప్రాసాదమును చక్కదిద్దిన పనికి 2010లో యునెస్కోవారి ఆసియా-పసిఫిక్ పురస్కారము లభించినది. పాతదానిని కొత్తదిగా మార్చుట వేఱు, పాతదానిని పాతదిగానే నిలుపుట వేఱు అని ఆ మహలులో నిలిచి తల యెత్తి చూచినవారికి తెలియును.

రెండవ స్థలము మన యెదుటనే ఉన్నది. 2018 వఱకు రాస్ ద్వీపమనబడి, నేడు నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీపముగా పిలువబడుచున్న ఆ ద్వీపములో, ఒకనాటి పరిపాలనా భవనములను చెట్ల వేళ్లు చుట్టుకొనియున్నవి. గోడలను చీల్చినవి ఆ వేళ్లే. కొన్ని గోడలను నేడు పడిపోకుండ పట్టియుంచినవియు ఆ వేళ్లే. కాలక్రమమున ఒక వస్తువుపై చేరినదంతయు మాలిన్యమే యని తొందరపడి తీసివేయరాదు. అందులో కొంత ఆ వస్తువుయొక్క చరిత్ర.

ఈ మాట మా ఇంటిలో ఎట్లు అనుభవమునకు వచ్చినదో చెప్పెదను. మా తండ్రిగారు 1974లో చాథం రంపపు మిల్లులో పనికి ఈ దీవులకు వచ్చిరి. 1883లో స్థాపింపబడిన ఆ మిల్లు మనలో అనేక కుటుంబములకు అన్నము పెట్టినది. వారి వెంట వచ్చినది ఒక ఇత్తడి గొలుసుదీపము. శ్రీకాకుళము జిల్లాలో కంచు, ఇత్తడి పనికి పేరుపొందిన బుడితి గ్రామములో దానిని మా తాతగారు కొనిరని ఇంటిలో చెప్పుదురు. క్రింద గిన్నె, పైన గొడుగు, గిన్నె అంచున నాలుగు చిలుకలు. పూర్వము నూనెదీపము, ఇక్కడ దానికి బల్బు అమర్చిరి. కొన్నియేండ్ల తరువాత మా తండ్రిగారు పడవలకు వేయగా మిగిలిన పచ్చరంగును దానికంతటికిని పూసిరి. మాకు ఊహ తెలిసిననాటినుండి అది పచ్చదీపమే.

ఇప్పుడు గిన్నెమీది రంగు పెచ్చులు లేచినది, గొలుసు తుప్పుపట్టినది. ఇంటిలో మూడు ప్రతిపాదనలు వచ్చినవి. కళాశాలలో చదువుచున్న మా అమ్మాయి మెఱుపులేని నల్లరంగు వేయుదమన్నది. నేటి ఇండ్లకు అదియే ఒప్పునట. నా భార్య రంగంతయు ఊడదీసి ఇత్తడిని బయటపెట్టవలెనన్నది. మా తమ్ముడు అబర్డీన్ బజారులో కొత్తది కొందమన్నాడు. ప్రతిపాదనకు ఆధారమును, ఆక్షేపణలును, వ్యయమును అందఱును చక్కగానే చెప్పిరి. ఐదవ ప్రశ్న మాత్రము మిగిలినది. ఉత్తర్వు ఇయ్యవలసినవారెవరు? మా తండ్రిగారు లేరు. మా అమ్మగారిని అడిగితిమి. ఆమె చెప్పిన మాటలను మార్చక, ఆమె భాషలోనే వినిపించెదను.

"మీ నాన్నగారు ఆ రంగు అందం కోసం వెయ్యలేదురా. వారం వారం చింతపండు పెట్టి తోమలేక నా చేతులు పగిలిపోతుంటే చూడలేక వేశారు. తోమేవాళ్లుంటే తియ్యండి. లేకపోతే ఉండనివ్వండి."

మేము అందఱమును రంగును గుఱించి మాటలాడుచుంటిమి. ఆమె చేతులను గుఱించి మాటలాడినది. ఉప్పుగాలిలో ఇత్తడిని మెఱిపించుటకు ఎవరో ఒకరు ప్రతివారమును శ్రమపడవలెను. ఆ శ్రమ ఎవరిదో తేల్చకుండ దీపముయొక్క అందమును తేల్చుట మన ఇండ్లలో ఆనవాయితీ. నలువది ఏండ్ల క్రిందట ఒక రంపపుమిల్లు కార్మికుడు చేతనున్న మిగులురంగుతో ఆ లెక్కను తనకు తెలిసిన విధముగా సరిచేసినాడు. ఆ పచ్చరంగు ఇత్తడికి మేలు చేయలేదు. మా అమ్మగారి చేతులకు మేలు చేసినది.

తుదకు జరిగినదిది. తుప్పుగొలుసును తీసివేసి స్టెయిన్‌లెస్ స్టీలు గొలుసు వేసితిమి, వైరింగు మార్పించితిమి. గిన్నెమీద లేచిన రంగును పిల్లలు లేని సమయమున తడిగా తీసివేసి, ఇత్తడిని శుభ్రపఱచి, పారదర్శకమైన లక్కవార్నీషు పూయించితిమి. లక్కపూతను స్పిరిటుతో తిరిగి తీసివేయవచ్చును. రేపటివారు వేఱొకటి కోరినచో మనము వారికి అడ్డుపడము. పైగొడుగుమీది పచ్చరంగు గట్టిగా ఉన్నది గనుక దానిని కదలింపక, పైన పూత మాత్రము వేసితిమి. గిన్నెను తుడుచు వంతును మా అమ్మాయియు నేనును పంచుకొంటిమి. నల్లరంగు కోరినది తానే గనుక, దానికి బదులుగా ఆ వంతులో పెద్దభాగము తనదేనని ఆమె పట్టుపట్టినది.

సోదరులారా, దీనివలన నేను గ్రహించినది మీకు విన్నవించి ముగించెదను. ఇనుమైనచో రంగు వేయుడు, ఆలసింపకుడు. ఇత్తడియైనచో వేయకుండుటయే సామాన్యముగా మేలు. పాతరంగు సీసము కలదైనచో పిల్లల క్షేమము అన్నిటికంటె ముందు. నేడు మనము చేయునది రేపటివారు విప్పదగినదై యుండవలెను. ఈ నాలుగును లోహశాస్త్రము. ఐదవది మాత్రము ఏ శాస్త్రములోను లేదు. ఇంటిలోని ఏ అలంకారమునుగుఱించి నిర్ణయించినను, దానిని నిత్యము తుడుచు చేతులు ఎవరివో మొదట అడుగుడు. ఆ చేతులవారి మాట విన్న తరువాతనే కుంచె పట్టుడు. దీపావళికి ముందు మన ఇండ్లలో దీపములను క్రిందికి దింపునప్పుడు ఈ ప్రశ్న ఒక్కసారి వేసికొన్నచో నా ప్రసంగము సార్థకమగును.